గోళ్లరంగు చుక్క

"మూడో రంపపు బిళ్ల కూడా వంకరే! ఒక్క వస్తువైనా చూసి కొనవా?" బాల్కనీలోని, లోహం కోసే మిల్లింగ్ మెషీన్ ఆపి, చలపతి కూతురి మీద విరుచుకుపడ్డాడు. "ఒక వైపు పళ్లే కోస్తున్నాయి, మిగతావి గాల్లో తిరుగుతున్నాయి!"

"చావ్‌డీ బజార్‌లో ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగి తెచ్చాను నాన్నా. ఏక్ మినిట్."

కోస్తున్న వైపు పన్ను మీద అనూహ్య గోళ్లరంగుతో చుక్క పెట్టింది. నట్టు వదులు చేసి, కడ్డీని కదపకుండా బిళ్లను మాత్రం సగం చుట్టు తిప్పి బిగించింది. "తప్పు బిళ్లదైతే మళ్లీ చుక్కున్న వైపే కోయాలి."

చలపతి విసురుగా స్విచ్ వేశాడు. ఈసారి చుక్కకు ఎదురు వైపు పళ్లు కోశాయి.

"వంకర బిళ్లలో లేదు నాన్నా. దాన్ని బిగించే కడ్డీలో ఉంది."

నెల్లాళ్లు కష్టపడి ఆ కడ్డీ చేసింది చలపతే.

అతను వంగి, చెత్తబుట్టలో పారేసిన రెండు బిళ్లలూ తీసి, లుంగీ అంచుతో తుడవసాగాడు.