ముప్ఫయ్యో పడవకు పిలుపు

రేవులో వేసిన పిలుపు చేపల వేటకెళ్లిన పడవల మీదుగా సాగే రోజులవి. ఒక పడవలోని రేడియో పెట్టె విని పక్క పడవకు అందించిన ప్రతిసారీ పిలుపు ఆయుష్షు అంకెలో ఒకటి తరిగేది. పదహారు పడవలు దాటాక అది చచ్చిపోవాలి. లేకపోతే పాత పిలుపులతో సముద్రం హోరెత్తిపోతుంది. రేవు పెట్టెలో ఆ అంకె దిద్దడం తాతీలు పని.

ఎర్రమ్మ మొగుడు వేటకెళ్లి ఇరవై రోజులైంది. అతనిది అందరికన్నా దూరాన ఉన్న ముప్ఫయ్యో పడవ.

"అంకె కాస్త పెంచు మావా. నా గొంతు ఆడికి అందితే సాలు."

తాతీలు పదహారును నలభై చేశాడు.

"ఏటయ్యా, బతికున్నావా?" అని పిలిచింది ఎర్రమ్మ.

"మేమూ బతికే ఉన్నాం వదినా!" అని దగ్గరి పడవలు నవ్వాయి.

మొగుడి జవాబు మాత్రం రాలేదు. అతని పెట్టెలో అంకె ఇంకా పదహారే. తాతీలుకు ఆ సంగతి అప్పుడు తట్టింది. జవాబు పదహారు పడవలు దాటి, సగం దారిలో ఉన్న దాలయ్య పడవలో ఆగిపోయింది. దాలయ్య దాన్ని విని తన గొంతుతో కొత్త పిలుపుగా మళ్లీ పంపాడు.

"సెల్లీ, ఇది ఆడి మాట, నాది కాదు. నీ సేతి పులుసు కల్లోకొత్తందట."

ఎర్రమ్మ నవ్వింది. నవ్వాక కూడా పెట్టెకు చెవి ఆనించే కూర్చుంది.

"కబురొచ్చింది కదే," అన్నాడు తాతీలు.

"వచ్చింది మావా. ఆడి గొంతు రానేదు."