చెవిగింజ చెప్పని మాట

చెవిగింజలు వచ్చాక ఏ దేశంలోనైనా ఉద్యోగం దొరుకుతోంది. గింజను చెవిలో పెట్టుకుని ఎవరి భాష వాళ్ళు మాట్లాడితే చాలు, గింజ అవతలివాళ్ళ భాషలో చెప్పేస్తుంది. తణుకులో ఇరవై బ్యాచ్‌లకు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పిన లలితాంబ, ఆ ఇంగ్లీషుతో పనేమీ పడకుండానే పోలండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేరింది.

మంచం పట్టిన హలీనా మామ్మను స్నానానికి ఎవరి సాయం లేకుండా ఎత్తమన్నాడు సూపర్‌వైజర్ మారెక్.

"ఒక్కదాన్నే ఎత్తనండీ. చెయ్యి జారితే ఆవిడ తుంటి విరుగుద్ది," అంది లలితాంబ, మూడో రోజు కూడా.

మారెక్ రోజూలాగే మెచ్చుకోలుగా నవ్వి, ఎత్తిందో లేదో చూడకుండానే వెళ్ళిపోయాడు. ఎత్తనంటే మెచ్చుకుంటాడేమిటి?

గింజ పలికినదంతా ఫోన్లో ఇంగ్లీషులో నమోదవుతుంది. ఇప్పుడు ఆ భాష నేర్చుకునేవాళ్ళే లేరు గనక ఎవరూ చదవరు. లలితాంబ చదివింది. మూడు రోజులూ ఒకటే జవాబు: "తప్పకుండా సార్, సంతోషంగా చేస్తాను."

"నా నోట నీ మాటేంటే, దిక్కుమాలినదానా!" అని గింజను పీకి జేబులో పడేసింది.

మామ్మ ముందు నిలబడి, ఎత్తబోతున్నట్టు చేతులు చాపి, తల అడ్డంగా ఊపి, దీన్ని మీ భాషలో ఏమంటారన్నట్టు చూసింది. మామ్మ బోసినోటితో చెప్పింది. పంతులమ్మ పదిసార్లు పలికి, మామ్మ సరేననేదాకా వదల్లేదు.

మారెక్ నవ్వుతూ వచ్చి నీళ్ళ తొట్టి వైపు చెయ్యి చూపించాడు.

"నియె," అంది లలితాంబ.

అతని నవ్వు ఆగిపోయింది. మంచం మీంచి మామ్మ కూడా అందుకుంది, ఇంకా గట్టిగా: "నియె!"