అటు కొసన అల

“ఇవాళ కూడా అల కనబడకపోతే ల్యాబు మూత. తాళంచెవి నా చేతిలో పెట్టి పో.”

డైరెక్టరు గుమ్మంలోంచే లోపలున్న పరిశోధకురాలి మీద అరిచాడు. ఇంట్లో ఆయన ఆమెకి మామగారు. ఇక్కడ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

గొడవంతా వేడి గురించే. కడ్డీకి ఒక కొసన వేడి తగిలితే, రెండో కొసకి ఆ క్షణంలోనే ఎంతో కొంత అందాలన్నది పాత సూత్రం. ఆయన బతుకంతా చెప్పిన పాఠం అదే. బాగా చల్లబరిచిన స్ఫటికంలో వేడి కాస్త ఆలస్యంగా, అలలా వస్తుందని కోడలి వాదన.

“ఆలస్యం ఎందుకో? దారిలో టీ తాగడానికి ఆగుతుందా?”

“చూసి మాట్లాడండి సార్.”

“చూపించి మాట్లాడు.”

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె హీటరు బటన్ నొక్కింది. అటు కొసన వేడిని చూపే తెర మీద గీత కదల్లేదు.

“ఏదమ్మా నీ అల?”

“మీ వేడి కూడా రాలేదుగా!”

ఆ మాటతో ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. “మళ్లీ నొక్కు!” అంటూ స్ఫటికం ఉన్న బల్ల మీద దబ్బున గుద్దాడు.

ఆమె నొక్కింది. గీత కాసేపు చదునుగానే సాగింది. తర్వాత ఉన్నట్టుండి గూనులా పైకి లేచింది.

“కాకతాళీయం! ఇంకోసారి!” మళ్లీ గుద్దాడు. మళ్లీ గూను.

మూడోసారి గుద్దిన గుద్దుకి బల్ల మీది పెన్ను ఎగిరి కింద పడింది. గూను ఇంకా ఎత్తుగా లేచింది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ముఖాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. కోడలికి జాలి కలగలేదు, కలగాలని ఆమె అనుకోనూ లేదు.

“ఒప్పుకున్నట్టేనా? నోటితో చెప్పండి, మామయ్యగారూ.”

“ఒప్పుకున్నా. తగలబడు. ల్యాబు నీదే.”

“నాకు కాదు, బోర్డుకి చెప్పండి.”

పళ్లు నూరుతూ ఆయన ఫోన్ తీశాడు. అల నిజమేనని, తన కళ్లారా చూశానని, ఇన్నాళ్లూ తప్పు పాఠం చెప్పానని బోర్డు సభ్యులందరికీ ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆమె పక్కనే నిలబడి ప్రతి మాటా ఆనందంగా విన్నది.

ఆఖరి ఫోను పెట్టేసేసరికి ల్యాబు మెకానిక్ భుజంతో తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

“మేడమ్, పొద్దున మీరు రాకముందు రిపేరుకి పట్టుకెళ్లిన హీటరు ఇదిగో, ఇప్పుడు తగిలించమంటారా?”