ప్రాగ్‌కి నాలుగు సూట్‌కేసులు

ప్రాగ్‌లో మూడు రోజులు. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి వెళ్తున్న మొదటి యూరప్ ట్రిప్. శశికాంతే వెతికి వెతికి అన్నీ చవకలో బుక్ చేశాడు. హాస్టల్‌లో బాత్‌రూమ్ కూడా షేరింగే.

అంత పిసినారి బ్యాగేజీకి ఎక్స్‌ట్రా కడితే అనుమానం రాదా? హాల్లో నాలుగు పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"మూడు రోజులకి ఇన్నెందుకు?"

"ఉండనీలే ప్రణీతా," అన్నాడు, నా వైపు చూడకుండా.

నాకు అర్థమైపోయింది. అమెరికాలోని ఈ ప్లెయిన్స్‌బరోలో మనం ఎక్కడికైనా వెళ్తున్నామని తెలిస్తే చాలు, పచ్చళ్లో పట్టుచీరలో మోయించేవాళ్లు తయారు. ప్రాగ్‌లో ఎవరి చెల్లెలో ఉండే ఉంటుంది. ఇతనికేమో కాదనడం చేతకాదు.

వంటింట్లో చప్పుడైతే వెళ్లాను. మా కుక్కర్‌ని చేత్తో ఎత్తి బరువు చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అదీ ఇచ్చేస్తావా? నిజం చెప్పు శశీ. ఎవరి సామాను మోస్తున్నాం?"

అతను కుక్కర్ కింద పెట్టలేదు.

"మనదే. ప్రాగ్ నుంచి ఆదివారం హైదరాబాద్ ఫ్లైట్. నా జాబ్ పోయింది. ఇంక ఇక్కడ ఉండటానికి వీసా టైమ్ లేదు. నువ్వు ఎప్పట్నుంచో యూరప్ యూరప్ అంటుంటావుగా... దారిలోనే ఉంది కదా అని."