పొట్టి గీత ఏ పక్క

ఈసారి చేతులెత్తడం లేదని పాస్టరుగారు చెప్పగానే దల్లే గుండె జారిపోయింది. చర్చి మహిళా సంఘానికి పెద్దను ఎన్నుకోవడం ఇకనుంచి కాగితాల మీదేనట. ఎవరి కాగితం వాళ్లే రాయాలట, పక్కవాళ్లు సాయం చెయ్యకూడదట. మన బామ్మలందరికీ ఇప్పుడు చదువొచ్చింది కదా అని ఆయన నవ్వాడు. బుధవారం అక్షరాల క్లాసు నడిపే జాంగ్ సునిమ్ ముందు వరసలో వినయంగా తల వంచుకుంది. ఈ కాగితాల ఆలోచన ఆమెదే.

దల్లేకు డెబ్బై నాలుగేళ్లు. క్లాసులో చేరి మూడు నెలలైంది. రాయడం వచ్చినవి రెండే పేర్లు, ఒకటి తనది, రెండోది టీచరమ్మది. ఎవరి పేరు వాళ్లకు వచ్చాక నేర్పేవాళ్ల పేరు రావాలని జాంగ్ సునిమ్ బోర్డు నిండా తన పేరే రాసిపెట్టేది. ఇంకో నెల ఆగితే మొగుడి పేరు కూడా దిద్దిస్తుందని వెనక బెంచీలోంచి తోటి బామ్మ గ్విరే గొణిగేది.

పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు టీచరమ్మ. ఇంకొకరు వంటింటి జోంగ్ సునిమ్. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ అన్నమూ సోయా పులుసూ వండిపెట్టేది ఈవిడే. ఆమె పక్కన నిలబడి కిమ్చి పచ్చడికి క్యాబేజీ కడిగేది, ముల్లంగి తరిగేది దల్లే. మొగుడు పోయాక ఊరు మొత్తంలో తన కోసం ఎవరైనా ఎదురుచూసే చోటు ఆ వంటిల్లు ఒక్కటే. కాస్త ఆలస్యమైతే, అక్కా, ముల్లంగి నీ కోసం ఏడుస్తోందని జోంగ్ సునిమ్ ఫోన్ చేసేది.

తను గెలిస్తే ఏం చేస్తుందో టీచరమ్మ ముందే చెప్పేసింది. డెబ్బై దాటినవాళ్లు ఇక వంటింట్లోకి రానక్కర్లేదు, నేలంతా తడి, జారిపడతారు. ఆ సమయంలో వాళ్లకు పై గదిలో ఆదివారం క్లాసు పెడతారు. భోజనం డబ్బాల్లో పైకే వస్తుంది. "మీ మంచికే పెద్దమ్మా. ఎన్నాళ్లని ఆకులు కడుగుతారు?" అంది. ఆ పై గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ తెరుచుకోదు. ఆ మాట విన్నప్పుడే దల్లేకు ఊపిరాడలేదు.

కాగితం, పెన్సిలు చేతికొచ్చాయి. ఎవరో వెళ్లి హాలు తలుపు మూశారు. ఖాళీగా మడిచి ఇస్తే జోంగ్‌కు ఒక ఓటు పోయినట్టే. తన పేరు రాసుకుంటే నవ్వులపాలు. చేతికి తెలిసిన ఇంకో పేరు ఒక్కటే, అది రాయడమంటే తనను తానే ఆ పై గదిలో పెట్టి తాళం వేసుకోవడం. పక్కన గ్విరే కాగితాన్ని అరచేత్తో కప్పుకుని ఏదో రాసుకుంటోంది. చుట్టూ పెన్సిళ్ల గీరుడు.

వరసల మధ్య తిరుగుతూ జాంగ్ సునిమ్ ఆమె దగ్గర ఆగింది. టీచరమ్మ కదా, ఎవరూ వద్దనలేదు.

"కంగారు పడకండి పెద్దమ్మా, క్లాసులో రాసినట్టే రాయండి," అంది మెల్లగా. "ఆ పొట్టి గీత మాత్రం చూసుకోండి. మీరెప్పుడూ ఎడమపక్కనే పెడతారు. అప్పుడది నేను కాదు, వంటింటావిడ."

అదీ సంగతి. ముందు రాసే ఇంటిపేరులో నిలువు గీతకు కుడిపక్కన పొట్టి గీత పెడితే జాంగ్, ఎడమపక్కన పెడితే జోంగ్. మిగతాదంతా ఇద్దరికీ ఒకటే. మూడు నెలలుగా దల్లే చీవాట్లు తిన్నది ఆ ఒక్క గీత దగ్గరే. తన కంటికి రెండూ ఒకేలా ఉండేవి, ఏ పక్క పడిందో టీచరమ్మ వచ్చి చెబితేనే తెలిసేది. మొన్న బుధవారం ఇరవైసార్లు రాస్తే ఇరవైసార్లూ ఎర్ర పెన్సిలుతో తప్పని కొట్టేసింది.

దల్లేకు నవ్వు ముంచుకొచ్చింది, పెదవి కొరికి ఆపుకుంది. ఇన్నాళ్లూ తిట్లు తినిపించిన తప్పే ఇవాళ కావాలి. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

"అలాగే టీచరమ్మా, క్లాసులో రాసినట్టే," అంది బుద్ధిగా.

ఆలోచిస్తే చెడుతుందని గోడవైపు చూస్తూ చేతిని దాని దారిన పోనిచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు వేసి బుట్టలో పడేసి వచ్చింది. వారాల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వచ్చే ఆదివారానికి ముల్లంగి తను తెస్తానని సైగ కూడా చేసింది జోంగ్ సునిమ్‌కు.

పాస్టరుగారు ఒక్కో కాగితం విప్పి పేరు చదివి, బోర్డు మీద గీతలు పెట్టించాడు. ఇరవై మూడు కాగితాలు. జాంగ్ పన్నెండు, జోంగ్ పదకొండు.

చప్పట్లు మోగాయి. ఒక్క ఓటు. దల్లే గ్విరే మోచెయ్యి పట్టుకుని, ఆమెకు వేసింది నువ్వేనా అంది పళ్లు బిగించి. ప్రభువు చూస్తున్నాడక్కా, నేను వంటింటికే వేశానని గ్విరే గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఈ వయసులో ప్రభువు పేరు చెప్పి అబద్ధమా అని దల్లే మొహం తిప్పుకుంది.

అప్పటికే జాంగ్ సునిమ్ జనాన్ని దాటుకుని ఆమె దగ్గరికి వస్తోంది. కళ్ల నిండా నీళ్లు. చేతిలో ఒక కాగితం, దాని మీద వంకరటింకరగా, కాగితం చిరిగేంత ఒత్తి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. దాన్ని దల్లే అరచేతిలో పెట్టి, రెండు చేతులతో మూసింది.

"మీ చేతిరాత నేను గుర్తుపట్టనా పెద్దమ్మా? మూడు నెలలకి, ఇవాళ పడింది గీత కుడిపక్కన."