సుభాషిణి చూపు

ఆ కాలంలో చూపు పోయినవాళ్ళకు కళ్ళజోడే లోకాన్ని చూపించేది. ఆ దృశ్యాలను ఇంట్లోని గేమింగ్ కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు తయారుచేసి పంపేది.

కాకినాడలో భానోజీ భార్య సుభాషిణికి కొన్నాళ్ళుగా ఆ కళ్ళజోడులో అన్నీ చారలు చారలుగా కనిపిస్తున్నాయి. కాగే పాలు చేతి మీద ఒలికినప్పుడు, "చూసుకోవద్దూ?" అని భానోజీ కసురుకున్నాడు.

"నాదే పొరపాటులెండి," అందామె.

చివరికి అదే కంప్యూటర్‌లో అతను ఆడే ఆట కూడా మధ్యమధ్యలో ఆగిపోసాగింది. అప్పుడుగానీ అతను కంప్యూటర్ విప్పలేదు. కార్డు ఫ్యాను దుమ్ముపట్టి బిగుసుకుపోయింది. శుభ్రం చేసి, సెట్టింగులు తెరిచాడు. ఆట జోరుగా సాగాలని కార్డు శక్తిలో ఆమె చూపుకు వెళ్ళే వాటాను వేసవిలో తానే తగ్గించి, ఆ సంగతే మరిచిపోయాడు. గబగబా సరిచేశాడు.

"అబ్బ, మీ మొహం ఎంత బాగా కనిపిస్తోందండీ!" అంది సుభాషిణి. "ఏమైందట దానికి?"

దుమ్మని చెప్పి ఊరుకోవచ్చు. ఆమె చేతి మీద బొబ్బ ఇంకా ఆరలేదు.

"ఆట కోసం నేనే నీ చూపు తగ్గించాను సుభా," అన్నాడు తల దించుకుని.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మిమ్మల్ని చూడాలని లేదు. చెప్పండి, వింటాను," అంది.