ఎడమ చెవి

ఇసుక అచ్చు విప్పగానే ఉమారాణి అలసటతో కూలబడింది. ఆమె పోతపోసిన మొదటి ఇనుప శిల్పం అది, ఒక గొర్రె. కరిగిన ఇనుము ఎడమ చెవి కొసదాకా పారలేదు. అక్కడ గంటు పడింది.

"ఫికర్ జెయ్యకక్కా. పగలగొట్టి మల్ల కరగబెడ్దం, మేమంత లేమా," అన్నారు పాలమూరు శిబిరంలోని తోటి శిల్పులు.

మళ్లీ బట్టీ ముందు నిలబడే ఓపిక లేకున్నా ఆమె సుత్తి అందుకుంది.

అప్పుడే తండ్రి కురుమయ్య వచ్చాడు. ఇంటి గొర్రెల మంద అమ్మేసినప్పటి నుంచి ఆయన సరిగ్గా మాట్లాడింది లేదు. గొర్రె ముందు కూర్చుని ఆ చెవినే తడిమాడు.

"మన గొర్లకు గుర్తుగా ఎడమ చెవి గిట్లనే కోసేటోన్ని. నువ్వు మర్వలే బిడ్డా."

ఉమారాణి సుత్తిని వీపు వెనక దాచుకుంది.

"ఎట్ల మరుస్త బాపూ," అంది.